చదివిన పుస్తకాన్ని మరొకరి చేత చదివించడం ఎలా

నచ్చిన పుస్తకం గురించి నలుగురికీ చెప్పాలనుకోవడం చదువరులందరికీ ఉన్న అలవాటే. నేనూ చాలా ఏళ్లుగా ఆ పని చేస్తున్నాను. అయితే మొదట్లో నేను "తప్పకుండా చదవండి, అద్భుతంగా ఉంది" అని చెప్పిన పుస్తకాలను దాదాపుగా ఎవరూ చదవలేదు. అందరూ మర్యాదగా తల ఊపేవారు, పేరు కూడా రాసుకునేవారు, ఆ మాట అంతటితో ముగిసిపోయేది. లోపం వారి ఆసక్తిలో లేదనీ, నేను చెప్పే తీరులోనే ఉందనీ గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది. ఫలానా మనిషి తన తీరికకూ తన భాషకూ తగినట్టుగా ఒక పుస్తకంలోకి ఎక్కడ అడుగు పెడితే సులువుగా ఉంటుందో చెప్పగలిగినప్పుడే ఆ పుస్తకం చేతులు మారుతుంది. ఇటీవల నేను ఇష్టంగా చదివిన, కొన్నింటిని రెండోసారి చదివిన పుస్తకాలనే ఉదాహరణలుగా తీసుకుని, నేను పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తాను.

ముగించిన రోజున

పుస్తకం ముగించిన రోజునే ఒక నోటుపుస్తకంలో కొన్ని సంగతులు రాసుకోవాలి. ఎన్ని రోజుల్లో చదివాను, ఎక్కడ నడక మందగించింది, ఎక్కడ పుస్తకం కింద పెట్టలేకపోయాను, చదువుతున్నంతసేపూ ఎవరు గుర్తుకు వచ్చారు అన్నవి ఆ సంగతులు. ఇవి సమీక్ష కోసం కాదు కనుక పూర్తి వాక్యాలు కూడా అక్కరలేదు. వీటిలో చివరిది చాలా ముఖ్యం. చదువుతూ ఉండగా "ఇది ఫలానా వారికి నచ్చుతుంది" అని తోచిన క్షణాన్ని వెంటనే రాసుకోకపోతే అది తిరిగి దొరకదు.

ఆ తరువాత పది రోజులు ఆ పుస్తకం గురించి ఎవరికీ చెప్పకుండా ఉండాలి. ముగించిన వేడిలో మనం చెప్పేవన్నీ మన ఉద్వేగానికి సంబంధించిన మాటలే అవుతాయి. పది రోజులు గడిచాక మనసులో ఏది నిలిచి ఉందో అదే ఎదుటివారికి చెప్పదగిన విషయం. కేశవరెడ్డి గారి "అతడు అడవిని జయించాడు" విషయంలో నాకు ఇది స్పష్టంగా తెలిసింది. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు పొద్దు గుంకే వేళ అడవిలోకి వెళతాడు, తెల్లవారే వరకు కథ అక్కడే నడుస్తుంది. ముగించిన రోజున నేను ఆ నవల ముగింపు గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను. పది రోజుల తరువాత మాత్రం చీకటిలో ప్రతి చిన్న అలికిడికీ ఆ ముసలివాడు చెవి ఒగ్గడం, ఆ అడవిని అతడు శబ్దాలతోనే చదువుకోవడం నాలో మిగిలాయి. ఇప్పుడు ఆ పుస్తకం గురించి ఎవరికి చెప్పినా, ఆ ఒక్క రాత్రి సంగతీ, ఒక్కసారి కూర్చుని చదివేయవచ్చన్న సంగతీ మాత్రమే చెబుతాను. ముగింపు చెప్పవలసిన అవసరం ఇంతవరకూ కలగలేదు.

రచయిత జీవిత విశేషాలను కూడా నేను పుస్తకం చదివిన తరువాతకే అట్టిపెడతాను. కేశవరెడ్డి గారు చిత్తూరు ప్రాంతంలో పుట్టి, నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో కుష్ఠువ్యాధి వైద్యులుగా పనిచేశారని తెలుసుకున్నప్పుడు, లోకం దూరంగా పెట్టిన మనుషులను ఆయన అంత దగ్గరగా ఎలా చూడగలిగారో పాఠకుడికి తనంతట తానే అర్థమవుతుంది. ముందే చెబితే అది ఒక పరిచయ వాక్యంగా మిగిలిపోతుంది.

ఎవరికి చెబుతున్నాం

పుస్తకాన్ని ఎంచుకునే ముందు మనిషిని చూడాలి. ఆ మనిషి ఏ వేళలో చదువుతారు, ఎంతసేపు చదవగలుగుతారు, ఆఖరుసారి పూర్తి చేసిన పుస్తకం ఏది, ఇంట్లో ఏ ప్రాంతపు తెలుగు మాట్లాడతారు, కంటిచూపు ఎలా ఉంది అన్నవి తెలియకుండా ఏ పుస్తకమూ చెప్పకూడదు. కంటిచూపు మాట చిన్నదిగా కనిపించవచ్చు కానీ, అరవై దాటినవారిలో చాలామంది చదవడం మానేయడానికి అసలు కారణం చిన్న అక్షరాలే. అటువంటివారికి ఎంత మంచి పుస్తకం చెప్పినా, పెద్ద అక్షరాలున్న ముద్రణ దొరుకుతుందో లేదో చూసి చెప్పడమే మర్యాద.

మా పెద్దమ్మ వారపత్రికల సీరియళ్లు చదువుతూ పెరిగిన మనిషి. ఆవిడకు రోజుకు ఒక గంట తీరిక ఉంటుంది, ఎక్కడ ఆపినా మరునాడు తేలికగా అందుకోగలిగే పుస్తకం కావాలి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ఆత్మకథ "అనుభవాలూ జ్ఞాపకాలూనూ" ఇచ్చాను. అది పెద్ద పుస్తకం, పైగా కథ వరసగా పరుగెత్తదు. అయినా వేదవిద్యకూ సంస్కృతానికీ అంకితమైన ఇంట్లో పుట్టి తెలుగులోనే రాస్తానని పట్టుబట్టిన ఒక కుర్రవాడి పంతం ఆ పుస్తకమంతటా వినిపిస్తుంది, ఆ మాట తీరు పక్కన కూర్చుని ఎవరో చెబుతున్నట్టే ఉంటుంది. "రోజుకు పది పేజీలు చాలు, తొందర లేదు" అని చెప్పి ఇచ్చాను. ఆ ఒక్క మాట వల్లనే ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకున్నారని నా నమ్మకం.

ఇంగ్లీషు మీడియంలో చదువుకుని, తెలుగును కూడబలుక్కుంటూ చదివే యువకుల విషయం వేరు. వీరికి తెలుగు సాహిత్యం మీద గౌరవం చాలా ఉంటుంది. ఆ గౌరవం వల్లనే పెద్దలు వీరి చేతిలో "వేయిపడగలు" పెడతారు, వీరు నలభయ్యో పేజీ దగ్గర అలసిపోయి, తమకు తెలుగు రాదని నిర్ణయించుకుంటారు. విశ్వనాథ సత్యనారాయణ గారు 1934లో 29 రోజుల్లో ఆశువుగా చెబుతూ రాయించిన ఆ మహానవల మీద నాకు ఎంతో ప్రేమ ఉంది కనుకనే, దాన్ని ఎవరికీ మొదటి పుస్తకంగా చెప్పవద్దని కోరుతున్నాను. మా మేనల్లుడికి నేను ఖదీర్‌బాబు గారి "దర్గామిట్ట కథలు" ఇచ్చాను. నెల్లూరు జిల్లా ముస్లిం కుటుంబంలోని బాల్యాన్ని చెప్పే చిన్న చిన్న కథలు అవి, ఒక్కొక్కటి కొద్ది పేజీలలోనే ముగుస్తుంది. ఒక కథను పూర్తిగా చదవగలిగానన్న తృప్తి రెండో కథకు తీసుకువెళుతుంది. మొదటి కథను నేను పైకి చదివి వినిపించాను, రెండోది అతడు నాకు చదివి వినిపించాడు, మిగిలినవి తానే చదువుకున్నాడు.

విదేశాలకు కొత్తగా వెళ్లిన పిల్లలకు మొక్కపాటి నరసింహశాస్త్రి గారి "బారిస్టర్ పార్వతీశం" మొదటి భాగం చెబుతాను. 1924 నాటి ఆ పుస్తకంలో మొగల్తూరు కుర్రవాడు బారిస్టరు చదువు కోసం సీమకు, అంటే ఇంగ్లండుకు, బయలుదేరి, అడుగడుగునా తెలియనితనంతో తికమకపడతాడు. విమానాశ్రయంలో మొదటిసారి ఒంటరిగా నిలబడినవారికి ఆ తికమక పరాయిదిగా అనిపించదు. మొత్తం మూడు భాగాలున్నాయని చెప్పాలి కానీ, మొదటిది ఒక్కటే ఇవ్వాలి.

గడప ఎక్కడుందో ముందే చెప్పాలి

ఈ పద్ధతి మొత్తంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది ఈ భాగాన్నే. ప్రతి మంచి పుస్తకానికీ పాఠకుడు తట్టుకుని పడే ఒక గడప ఉంటుంది. పుస్తకం మీద ప్రేమ కొద్దీ మనం ఆ సంగతి దాచిపెడతాం. పాఠకుడు అక్కడికి వచ్చి తడబడతాడు, ఆ తడబాటుకు కారణం తనలోనే ఉందనుకుని పుస్తకం మూసేస్తాడు. ఆ గడప ఫలానా చోట ఉందనీ, దాన్ని దాటడానికి ఫలానా విధంగా చేయవచ్చనీ ముందే చెబితే, అదే చోటికి వచ్చినప్పుడు "ఇదే కదా వారు చెప్పింది" అనుకుని నిలదొక్కుకుంటాడు.

బండి నారాయణస్వామి గారి "శప్తభూమి"ని తీసుకుందాం. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ నవల 18వ శతాబ్దపు రాయలసీమను, అనంతపురాన్ని ఏలిన హండే ప్రభువుల కాలాన్ని చూపిస్తుంది. రాజుల చరిత్రగా కాక, ఆ నేల మీద బతికిన నానా కులాల మనుషుల చరిత్రగా నడవడం దాని బలం. గడప కూడా అక్కడే ఉంది. మొదటి అధ్యాయాలలోనే మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, ఆనాటి పాలనకు సంబంధించిన మాటలు ఒక్కసారిగా మీద పడతాయి. దీనికి నేను కనుక్కున్న ఉపాయం చాలా సాధారణమైనది. ఒక కాగితం ముక్క మీద ముఖ్యమైన పాత్రల పేర్లూ, ఎవరికి ఎవరు ఏమవుతారో ఒక్కొక్క వరుసలో రాసి, పుస్తకంతోపాటే ఇస్తాను. ఆ కాగితం మీద కథ ఉండకూడదు, మనుషులు మాత్రమే ఉండాలి.

ఏనుగుల వీరాస్వామయ్య గారి "కాశీయాత్ర చరిత్ర" గడప భాషది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా (ఒకరి మాటను మరొకరి భాషలోకి మార్చి చెప్పేవారిగా) పనిచేసిన వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో పెద్ద పరివారంతో బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీకి వెళ్లి, జగన్నాథం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి దారిన 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారిలో ఏ ఊళ్లో ఏమి దొరుకుతుంది, నీళ్లు ఎలా ఉన్నాయి, దారి ఎలా ఉంది, పల్లకీ మోసే బోయీలకు ఏమి ఇబ్బంది కలిగింది అన్నదంతా ఆయన రాశారు. ఆయన మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారు దాన్ని 1838లో అచ్చు వేయించారు. దాదాపు రెండు శతాబ్దాల కిందటి వాక్యం కనుక మొదటి పేజీ నుంచి చదవబోతే చాలామంది వెనుదిరుగుతారు. అందువల్ల ఈ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టవద్దని నేను స్పష్టంగా చెబుతాను. తమ ఊరు గానీ, తమకు బాగా తెలిసిన ఊరు గానీ ఉన్న చోట కాగితం ముక్క పెట్టి ఇస్తాను. నంద్యాల ప్రాంతపు మిత్రుడొకరికి అహోబిలం దగ్గర కాగితం పెట్టి ఇచ్చాను. ఆయన అక్కడి నుంచి శ్రీశైలం దాకా చదివి, ఆ భాష అలవాటయ్యాక వెనక్కి వెళ్లి, మద్రాసు నుంచి మళ్లీ మొదలుపెట్టారు. తెలిసిన నేల పాదాల కింద ఉంటే తెలియని భాష అంతగా భయపెట్టదు.

మాండలికం మరొక గడప. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి "పచ్చనాకు సాక్షిగా" చిత్తూరు జిల్లా పల్లె భాషలో ఉంటుంది. కృష్ణా, గోదావరి ప్రాంతాలవారూ తెలంగాణవారూ మొదటి పేజీలోనే కొన్ని మాటల దగ్గర ఆగిపోతారు. వారికి మాటల అర్థాల పట్టిక ఇవ్వాలని నేను ఒకసారి ప్రయత్నించాను, అది పని చేయలేదు. మాటమాటకూ పట్టిక చూసుకునేవారికి కథ వినిపించదు. గొంతెత్తి చదవమని చెప్పడమే సరైన పద్ధతి. కంటికి కొరుకుడుపడని మాట చెవికి తెలిసిపోతుంది. రెండు మూడు కథలయ్యేసరికి ఆ తల్లి, ఆ కొడుకు, ఆ ఇల్లు మన ఎదుటనే ఉంటారు. అప్పటికీ అర్థం కాని మాటలు కొన్ని మిగిలితే మిగలనివ్వాలి.

కొన్ని పుస్తకాల గడప నమ్మకాలకు సంబంధించినది, దాన్ని మరింత జాగ్రత్తగా చెప్పాలి. ఓల్గా గారి "విముక్త" కథలలో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుసుకుని మాట్లాడుతుంది. రోజూ రామాయణ పారాయణ చేసే మా మేనత్తకు ఈ పుస్తకం ఇవ్వాలా వద్దా అని చాలా రోజులు తర్జనభర్జన పడ్డాను. చివరికి ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాను: "ఇందులోని సీత మీరు పారాయణ చేసే సీతలా మాట్లాడదు. బాధ కలిగితే ఆపేయండి, నేనేమీ అనుకోను." ఆవిడ ఊర్మిళ కథను రెండుసార్లు చదివారు, అహల్య కథతో ఏకీభవించలేదు, ఆ విషయం మీద నాతో గంటసేపు మాట్లాడారు. ముందుగా చెప్పకుండా ఇచ్చి ఉంటే ఆ సంభాషణ జరిగేది కాదు.

దుఃఖం బరువు ఎక్కువగా ఉన్న పుస్తకాల విషయంలోనూ ఇదే నిజాయితీ అవసరం. జి. కల్యాణరావు గారి "అంటరాని వసంతం" ఒక దళిత కుటుంబపు కొన్ని తరాల కథ. రూతు అనే స్త్రీ జ్ఞాపకాల దారిలో కాలం ముందుకూ వెనక్కూ తిరుగుతూ ఉంటుంది. చదవడానికి కష్టమైన అవమానాలూ ఆకలీ ఇందులో ఉన్నాయి. వాటితోపాటే పాటా ఆటా వీధినాటకమూ ఉన్నాయి, ఆ కళ ఎవరిదో, దాని చరిత్రను ఎవరు చెరిపేశారో ఈ నవల అడుగుతుంది. ఇచ్చేటప్పుడు ఈ రెండు సంగతులూ చెప్పాలి. ఒక్క బాధనే చెబితే పాఠకుడు దాన్ని కర్తవ్యంగా చదువుతాడు, ఒక్క కళనే చెబితే మోసపోయానని అనుకుంటాడు.

చెప్పకుండా ఉండవలసినవి

కథ చెప్పకూడదన్నది అందరికీ తెలిసినదే. పురస్కారాలను మొదటి మాటగా చెప్పకపోవడం కూడా మంచిది. తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి గారి కథల సంపుటి "రామేశ్వరం కాకులు"కు 2023లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ మాటతో మొదలుపెట్టినప్పుడు వినేవారు ఒక బరువైన పుస్తకాన్ని ఊహించుకుంటారు. రోజుకు ఒక కథ చొప్పున చదవమని, కథ ముగిశాక వెంటనే రెండోదానికి వెళ్లవద్దని చెప్పడం వారికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఒక పుస్తకాన్ని మరో ప్రసిద్ధ పుస్తకంతో పోల్చి చెప్పడం నేను పూర్తిగా మానేశాను. "అతడు అడవిని జయించాడు" గురించి చెప్పేటప్పుడు ఒక ప్రసిద్ధ అమెరికన్ నవలతో పోల్చి చెప్పేవాడిని. విన్నవారిలో ఆ నవల చదివినవారు పోలికలు వెతకడంలో పడిపోయారు, చదవనివారు ముందు అది చదివి తరువాత ఇది చదువుదామనుకుని రెండూ చదవలేదు.

పుస్తకం చేతికి అందడం

తెలుగులో మంచి పుస్తకాలు ఒకసారి అచ్చయి, ప్రతులు అయిపోయాక ఏళ్ల తరబడి దొరకకుండా పోవడం సాధారణం. కనుక పేరు చెప్పే ముందు అది ఎక్కడ దొరుకుతుందో మనమే చూసి ఉంచాలి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం, డిసెంబరు ప్రాంతంలో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన జరిగేటప్పుడు ప్రచురణ సంస్థలవారినే నేరుగా అడగవచ్చు. పాత ప్రతుల కోసం హైదరాబాదులో ఆదివారం నాడు అబిడ్స్ పేవ్‌మెంట్ల మీద ఓపికగా వెతకాలి. గ్రంథాలయాలను మరచిపోకూడదు. 1901లో స్థాపించిన హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల, దుకాణాలలో కనిపించని పుస్తకాలు బీరువాలలో ఉన్నాయి.

వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు పంపే అలవాటు గురించి ఒక మాట చెప్పక తప్పదు. మన దేశపు చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ల వరకు పుస్తకం మీద హక్కులు ఉంటాయి. వీరాస్వామయ్య గారి మూలగ్రంథాన్ని ఎవరికైనా నిస్సంకోచంగా పంపవచ్చు. ఈనాడు రాస్తున్నవారి పుస్తకాలను అలా పంపడం వారి కష్టాన్ని తీసుకోవడమే. కొని ఇవ్వలేకపోతే మన ప్రతినే అరువు ఇవ్వాలి.

ఇచ్చిన తరువాత

అరువు ఇచ్చేటప్పుడు నోటుపుస్తకంలో తేదీ, పేరు రాసుకుంటాను. మూడు వారాల వరకు ఆ పుస్తకం ప్రస్తావన తీసుకురాను. ఆ తరువాత కూడా "ఎలా ఉంది?" అని అడగను. ఆ ప్రశ్నకు మర్యాద కోసం "బాగుంది" అన్న జవాబే వస్తుంది. "ఎక్కడి దాకా వచ్చారు?" అని అడిగితే నిజం తెలుస్తుంది. మధ్యలో ఆపేశామని చెప్పినవారిని ఏ పేజీ దగ్గర ఆపారో తెలుసుకుని, ఆ పేజీ సంఖ్య రాసుకుంటాను. నేను చూడలేకపోయిన గడప అక్కడ ఉందన్నమాట. నాకు ఇష్టమైన పుస్తకాలలో ఇద్దరు ముగ్గురు ఒకే చోట ఆపేసినవి ఉన్నాయి. ఆ పేజీలను మళ్లీ చదివి చూస్తే, రచయిత కాలాన్ని మార్చడమో, అప్పటి వరకు లేని కొత్త గొంతు కథ చెప్పడం మొదలుపెట్టడమో కనిపించింది. మరుసటి పాఠకుడికి ఆ సంగతి ముందే చెబుతున్నాను.

"శప్తభూమి"ని మొదట ఒక సహోద్యోగికి పేర్ల కాగితం లేకుండా ఇచ్చాను. రెండు నెలల తరువాత అది చదవకుండానే తిరిగి వచ్చింది. రెండోసారి మరొకరికి కాగితంతో కలిపి ఇచ్చాను. ఆయన ముగించి తెచ్చి ఇచ్చినప్పుడు కాగితం తీసి చూశాను. నేను రాసిన పేర్ల కింద ఆయన తన దస్తూరీలో మరో పదకొండు పేర్లు చేర్చారు, నేను ఒక చోట తప్పుగా రాసిన వరసను కొట్టివేసి సరిదిద్దారు. ఆ కాగితాన్ని అలాగే పుస్తకంలో ఉంచి, ఇప్పుడు మూడో మనిషికి ఇచ్చాను.